గీత పైన రాసిన మాట

బాస్టన్, 12 జనవరి 1788

మెహిటబెల్ అక్కకు,

నాలుగు రోజులు మంచుబండి మీద కూచుని మంగళవారం ఇక్కడ దిగాను. కాళ్ళు ఉన్నాయో లేవో మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. ఉన్నాయి. ఓడలకు తెరచాపలు కుట్టే ఒకాయన ఇంట్లో చిన్న గది దొరికింది. మూడు పూటలూ చేపల సూపే. ఆదివారం కూడా అదేనట.

సభలో మూడు వందల యాభై మందికి పైగా ఉన్నాం. కొత్త రాజ్యాంగాన్ని మన మాసచూసెట్స్ ఒప్పుకోవాలా వద్దా అన్నదే పని. పడమటి కొండల నుంచి వచ్చినవాళ్ళమంతా ఒక పక్కన చేరాం. పట్నం పెద్దమనుషులు ముందు మా బూట్లు చూసి, తర్వాత మొహాలు చూస్తారు. కాంగ్రెస్ సభ్యుల్ని రెండేళ్ళకోసారి ఎన్నుకుంటే చాలని వాళ్ళ వాదన. మా పక్కనుంచి ఒక రైతు లేచి, "ఏడాదికోసారి దించకపోతే మనిషి కుర్చీకి అతుక్కుపోతాడండీ, తర్వాత చెక్కితే గానీ రాడు," అన్నాడు. ఎదుటి పక్షంవాళ్ళు కూడా నవ్వారు.

మన హారోఫీల్డ్ ఊరు రాసిచ్చిన కాగితం కోటు లోపలి జేబులో ఉంది. "మా ప్రతినిధి అసాహెల్ పొమరాయ్ ఈ రాజ్యాంగానికి ఒప్పుకోకూడదు," అన్నదొక్కటే వాక్యం. ఆ రోజు యాభై మూడు చేతులు లేచాయి, ఎదురుగా రెండు. ఆ యాభై మూడింటిలో నాదీ ఒకటని మన చర్చి పెద్ద డీకన్ ఓబెడ్ గారికి గుర్తు చెయ్యి.

అనుకున్న ప్రకారం, గీత పైన రాసిందంతా ఊరిది. ఆదివారం చర్చిలో రెండు ప్రసంగాల మధ్య విరామంలో నువ్వు అందరి ముందూ చదవాలి. గీత కింద రాసింది నీది.

————

అక్కా, లెవై బావ పోయి వచ్చే నెలాఖరుకి ఏడాది. నేను ఆ రోజుకి ఊళ్ళో ఉండకపోవచ్చు. సమాధి మీద మంచు తవ్వడానికి మన పిండి మరలో పనిచేసే జాడక్‌ని తీసుకెళ్ళు, ఒక్కదానివే పారతో తంటాలు పడకు.

నీ తమ్ముడు
అసాహెల్

* * *

హారోఫీల్డ్, 21 జనవరి 1788

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న చదివాను. కుర్చీకి అతుక్కుపోయే మాట దగ్గర మగవాళ్ళు ఎంత నవ్వారంటే పాస్టరు గారు తొంగి చూసి వెళ్ళారు. డీకన్ ఓబెడ్ గారి ఆనందం చెప్పలేను. "ముప్పై ఏళ్ళుగా వాడి మరలో నా మొక్కజొన్న ఆడిస్తున్నా, వాళ్ళ నాన్నప్పటి నుంచీ. దోసెడు గింజలు తేడా రాలేదు. అసాహెల్ మాట తప్పే రకం కాదయ్యా," అని అందరికీ వినబడేలా అన్నారు. ఆయన ఊరి సభకు అధ్యక్షుడు కాబట్టి ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వాళ్ళావిడ నా చెవిలో అంది.

మర నడుస్తోంది. పొద్దునే జాడక్ నీటి చక్రం మీది మంచు గొడ్డలితో కొడుతూ, ప్రతి దెబ్బకీ తన మోకాళ్ళను తిట్టుకుంటాడు. నువ్వున్నప్పుడు ఆ పని నీదట. నువ్వు అంత పని చేసేవాడివని నాకిప్పుడే తెలిసింది.

సమాధి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తాను. జాడక్ మంచివాడే, కానీ ఆగకుండా మాట్లాడతాడు. లెవై టోపీకి గుచ్చుకున్న ఆ హెమ్లాక్ చెట్టు కొమ్మ ఇంకా పెట్టెలో ఉంది. అప్పుల కోర్టులు మూయించడానికి వెళ్ళిన రైతులందరూ పెట్టుకున్న గుర్తే కదా. ఆకులన్నీ రాలిపోయాయి. పారేద్దామని తీస్తాను, మళ్ళీ లోపల పెడతాను.

మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకో.

అక్క
మెహిటబెల్

* * *

బాస్టన్, 22 జనవరి 1788

అక్కకు, అక్క ద్వారా హారోఫీల్డ్ పెద్దలకు,

ఇక్కడికి వచ్చేటప్పుడు నా మనసులో సందేహం లేదు. ఇప్పుడు ఉంది. దాన్ని దాచుకుని మీ ప్రతినిధినని చెప్పుకోలేను.

నిరుడు మన లెవై పెటర్‌షామ్ దగ్గర సైన్యానికి చిక్కకుండా తప్పించుకుని, మంచులో రెండు రోజులు నడిచి ఇల్లు చేరి, ఊపిరితిత్తులు పాడై మూడు వారాలకు పోయాడు. అతన్ని చంపింది ఎవరు? దూరాన ఉన్న కాంగ్రెసా? దానికి అప్పుడు ఒక పటాలాన్ని పోషించే సత్తువ కూడా లేదు. చంపింది మన రాష్ట్రం. యుద్ధం నాటి అప్పుల భారాన్ని మన పొలాల మీద రుద్దింది, వెండి నాణేల్లోనే కట్టమంది, కట్టలేనివాళ్ళ ఎడ్లను తోలుకుపోయింది, అడిగినవాళ్ళ మీదికి సైన్యాన్ని పంపింది. దగ్గరుంది కాబట్టి రాష్ట్రం మనది అనుకున్నాం. అది మనల్ని అలా అనుకోలేదు.

ఆ భారం పదమూడు రాష్ట్రాలూ కలిసి మోస్తే మన పొలాల మీద పన్ను తగ్గుతుందని ఇక్కడ కొందరు అంటున్నారు. కేంద్రానికి బలమిస్తే అది రాజుగారిలా తయారవుతుందన్న భయం నాకూ ఉంది. అందుకే ముందు ఒప్పుకుని, జనం హక్కుల్ని కాపాడే సవరణలు చేర్చమని గట్టిగా అడుగుదామని ఒక ఆలోచన నడుస్తోంది. అదే జరిగితే నేను అవునని ఓటు వెయ్యాలనుకుంటున్నాను.

మీ కాగితం నుంచి నన్ను విడుదల చెయ్యమని అడుగుతున్నాను. అభ్యంతరం ఉంటే వెంటనే రాయించండి. రాయిస్తే కాగితంలో ఉన్నట్టే కాదంటాను.

————

అక్కా, బావ పేరు గీత పైన రాశాను. నీకు కష్టమని తెలుసు. ఆ పేరు ఎత్తకుండా చెప్పడం నాకు చేతకాలేదు. ఓటు వచ్చే నెల మొదటి వారంలో ఉండొచ్చు.

అసాహెల్

* * *

హారోఫీల్డ్, 28 జనవరి 1788

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న విరామంలో చదివాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆపిల్ సైడర్ కాచుకుని తాగి రెండో ప్రసంగానికి వెళ్ళారు. ఆ ప్రసంగం కూడా పొడుగే. చలికి మా బల్ల మీద అందరూ కాళ్ళ కింది కుంపటి కోసం తన్నుకున్నారు.

ఇక్కడ మంచు కిటికీల దాకా వచ్చింది. గొర్రె ఒకటి ముందే ఈనింది, పిల్లను వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాను. అది నా చెప్పు నములుతూ ఉంది. జాడక్ మోకాళ్ళు మంగళవారం నయమయ్యాయి, బుధవారం మళ్ళీ మొదలు. చక్రానికి ఒక పలక విరిగింది, నువ్వు వచ్చి చూద్దువు గానీ అని తాడుతో కట్టాడు.

లెవై సంగతి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం. కాగితం మీద అది నాకు రాదు.

ఊరు ఇచ్చిన కాగితం భద్రంగా ఉంచుకో.

అక్క

* * *

బాస్టన్, 7 ఫిబ్రవరి 1788

అక్కకు, హారోఫీల్డ్ అందరికీ,

నిన్న ఓటు అయింది. నూట ఎనభై ఏడు అవును, నూట అరవై ఎనిమిది కాదు. నా పేరు పిలిచినప్పుడు లేచి అవునన్నాను. సరిగా వినపడలేదట, మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

సవరణల జాబితా దానికి జతచేసి పంపుతున్నారు. రాజ్యాంగంలో స్పష్టంగా ఇవ్వని అధికారమేదీ కేంద్రానిది కాదు, అది రాష్ట్రాలదే అన్నది మొదటి సవరణ. అది చూశాకే నా మనసు నిలబడింది. ఓడిపోయినవాళ్ళు చాలామంది లేచి, మేం వ్యతిరేకించాం గానీ ఊరికి వెళ్ళి అందరినీ ఒప్పిస్తామన్నారు. అలాంటి మాట వింటానని అనుకోలేదు.

గంటలు నిన్నటి నుంచీ ఆగలేదు. రేపు పనివాళ్ళంతా ఒక పడవను మంచుబండి మీదికెక్కించి వీధుల్లో తిప్పుతారట. మా ఇంటాయన తెరచాప కుడుతున్నాడు, సూది నాకూ ఇచ్చాడు.

మీరందరూ విని, అభ్యంతరం చెప్పకుండా నా మనస్సాక్షికి వదిలేసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ ఉత్తరంలో గీత కింద ఏమీ లేదు. అంతా మీదే.

అసాహెల్

* * *

హారోఫీల్డ్, 15 ఫిబ్రవరి 1788

అసాహెల్,

నీ ఉత్తరం కంటే పత్రిక ముందు వచ్చింది. సూదులూ దారాలూ అమ్మేవాడు మంగళవారం తెచ్చాడు. అవునన్నవాళ్ళ పేర్లలో నీ పేరుంది. డీకన్ ఓబెడ్ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఇది అచ్చు తప్పు. పట్నంవాళ్ళకి పేర్లు ఎక్కించడం కూడా రాదు," అన్నారు. రెండు రోజులు ఇంటింటికీ తిరిగి అదే చెప్పారు. ఎదురు చెప్పినవాళ్ళతో పోట్లాడారు. నిన్న నీ ఉత్తరం వచ్చింది.

నేను నిజం చెప్పాలి. ఆ రెండో ఉత్తరంలో నీ సందేహం గురించి రాసిందంతా నేను చదవలేదు. వాతావరణం గురించీ సూపు గురించీ రెండు ముక్కలు కల్పించి చెప్పి మడిచేశాను. వాళ్ళు విన్నది అదే. వాళ్ళు ఏమీ అనకపోవడానికి కారణం అదే.

విడుదల చేస్తున్నామని ఎవరూ రాయకపోతే నువ్వు కాగితానికే కట్టుబడతావనుకున్నాను. మీ సభల్లో అభ్యంతరం ఉందా అని అడిగి, ఎవరూ పలక్కపోతే ఒప్పుకున్నట్టేనట. జాడక్ నిన్న చెప్పాడు. మేం ఆడవాళ్ళం ఎప్పుడైనా ఆ సభలో కూచున్నామా తెలియడానికి? మా ఇళ్ళల్లో ఒకటి అడిగితే జవాబు రాలేదంటే, కాదని అర్థం.

నిన్ను కాపాడ్డానికే వదిలేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. లెవైని చంపింది మన రాష్ట్రమేనని, కాబట్టి ఇంకా పెద్ద ప్రభుత్వం కావాలని, అతను కూచున్న బల్ల పక్కన నిలబడి నా నోటితో చదవలేకపోయాను. చెయ్యి చాస్తే అందేంత దగ్గరున్న ప్రభుత్వమే మనల్ని ఇలా కొడితే, కంటికే కనబడనంత దూరంలో ఉండేదాన్ని ఎవరు ఆపుతారు? నీకది ఎందుకు తట్టలేదు? నా మొగుడి చావును తీసుకెళ్ళి వాళ్ళ ఓటు కింద పరిచావు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది, నా మీద నాకు ఇంకా ఎక్కువగా ఉంది.

మరకు ఎవరూ రావడం లేదు. బస్తాలు వేసుకుని మన గుమ్మం ముందు నుంచే లోయ అవతలి మరకు పోతున్నారు, పదకొండు మైళ్ళు.

మెహిటబెల్

* * *

బాస్టన్, 24 ఫిబ్రవరి 1788

అక్కా,

నువ్వు చదివి ఉంటే వాళ్ళు కాదని రాయించేవాళ్ళు, నేను కాదనేవాణ్ణి, ఇవాళ మరలో ఉండేవాణ్ణి. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

తెరచాపల దగ్గర పని దొరికింది. కొంతకాలం ఇక్కడే ఉంటాను.

అసాహెల్

* * *

హారోఫీల్డ్, 17 మార్చి 1788

తమ్ముడూ,

నీ నాలుగు వాక్యాలూ రోజూ చదువుకున్నాను. నిన్న చెయ్యాల్సింది చేశాను.

తప్పు చేసినవాళ్ళు ఆదివారం నడవ మధ్యలో నిలబడితే పాస్టరు గారు వాళ్ళ ఒప్పుకోలు చదువుతారు కదా. చిన్నప్పుడు మనిద్దరం అలా నిలబడినవాళ్ళ మెడలు ఎర్రబడటం చూస్తూ కూచునేవాళ్ళం. నిన్న నేను నిలబడ్డాను. నా కాగితం నేనే చదువుకుంటానన్నాను. ముందు నా అబద్ధం చెప్పి, తర్వాత నీ రెండో ఉత్తరంలో గీత పైన ఉన్నదంతా చదివాను. లెవై పేరు దగ్గర ఆగాను గానీ చదివాను.

నేను ముగించగానే డీకన్ ఓబెడ్ గారు, "అంటే వాడు మనల్ని అడిగాడన్నమాట," అన్నారు. మళ్ళీ అదే మాట తన పక్కనున్న ఆయనతో అన్నారు. బయటికొచ్చాక అందరితోనూ అన్నారు. "ఓటు తప్పే. నేను బతికున్నంతకాలం తప్పే అంటాను. కానీ వాడు అడిగాడు. మనకు చెప్పకుండా దొంగచాటుగా చెయ్యలేదు," అన్నారు.

ఇవాళ పొద్దున మర దగ్గర తొమ్మిది బస్తాలు ఉన్నాయి. జాడక్ వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.

వేసవి బడి ఈ ఏడు నాకు ఇవ్వరట. అబద్ధమాడినదాని దగ్గరికి పిల్లల్ని ఎలా పంపుతామన్నారు. న్యాయమే. పదకొండు వేసవులు పిల్లలకు చదువు చెప్పాను. బడి లేకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు గానీ, ఏదో ఒకటి చేస్తాను.

రోడ్లు బురదవక ముందే బయల్దేరు. లెవై గురించి మనిద్దరికీ తగువుంది, అది ఇక్కడికి వచ్చి పడదాం.

అక్క

* * *

బాస్టన్, 24 మార్చి 1788

మెహిటబెల్ అక్కా,

బయల్దేరడానికి మూట కట్టుకున్నాను, మళ్ళీ విప్పాను. నువ్వు నడవలో నిలబడ్డావని చదివాక కూచోలేకపోయాను.

నాకు తెలుసు. జనవరి ఇరవై ఎనిమిదిన నువ్వు రాసింది ఓటుకు నాలుగు రోజుల ముందే నాకు అందింది. మొదటిసారి చదవగానే తెలిసింది. డీకన్ ఓబెడ్ గారు తన దూడ ఎవరి కంచె దాటినా మూడు వారాలు సభ నడుపుతారు. ఊరి కాగితాన్ని తప్పించమని నేను అడిగితే, విని, సైడర్ తాగి, ప్రసంగానికి వెళ్ళిపోతారా? యాభై మూడు మందిలో ఒక్కరికీ నోరు రాలేదా? నువ్వు చదవలేదని అప్పుడే అర్థమైంది.

మంచి గుర్రం మీద ఒక మనిషిని పంపి ఉంటే ఓటు నాటికి జవాబు వచ్చేది. రాకపోతే నేను కాదని ఉండాల్సింది. పంపలేదు. వాళ్ళు వద్దంటారని తెలుసు, నాకు అవుననాలని ఉంది. ఎవరూ ఏమీ అనలేదని నువ్వు రాసిన ముక్క పట్టుకుని నాకు అనుమతి వచ్చిందని చెప్పుకున్నాను. తర్వాత నువ్వు నిజం రాసినప్పుడు కూడా, నువ్వు చదివి ఉంటే నేను ఇంట్లో ఉండేవాణ్ణని రాసి తప్పంతా నీ మీదికి తోశాను. ఇంతకంటే నీచమైన ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

ఓటు గురించి ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. మళ్ళీ అడిగినా అవునంటాను. వేసిన తీరు మాత్రం దొంగతనమే. డీకన్ గారు నా తరఫున అబద్ధం చెప్పుకు తిరుగుతున్నారు, ఆయనకు తెలియకుండానే. నీ బడి పోయింది నా వల్ల.

దీన్ని వచ్చే ఆదివారం చదువు. ఇందులో గీత లేదు. నన్ను క్షమించావా లేదా అన్నది మాత్రం నాకు విడిగా రాయి.

అసాహెల్

* * *

హారోఫీల్డ్, 1 ఏప్రిల్ 1788

తమ్ముడూ,

శుక్రవారం అందింది. రెండు రోజులు పెట్టుకుని కూచున్నాను. జాడక్ చూసి, "పొయ్యిలో పెట్టెయ్యమ్మా. నేను చూళ్ళేదు, నువ్వు చదవలేదు. ఆయన వచ్చేస్తాడు, చక్రం బాగుచేస్తాడు, అయిపోద్ది," అన్నాడు. నిజంగానే పొయ్యి దాకా తీసుకెళ్ళాను. అది కాల్చేస్తే వారంలో నువ్వు వస్తావు. నువ్వు రావడం కంటే నాకింకేం కావాలి? కానీ నీ మాట ఒకసారి మింగేశాను. రెండోసారి కూడా మింగితే, నువ్వు ఈ ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ నేను చెప్పిన అబద్ధంలోనే తిరుగుతావు.

ఆదివారం చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. దూడ మాట దగ్గర ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. డీకన్ గారు ఈసారి లేచారు. విరామం అయ్యేదాకా ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన ప్రసంగం మానేయడం నేను పుట్టాక చూడలేదు. పెద్ద వయసు మనిషి, మంచులో కర్ర కూడా తీసుకోకుండా వెళ్ళారు. ఆయన మీద నాకు ఇంత జాలి పుడుతుందని అనుకోలేదు.

సోమవారం పొద్దునే వచ్చి బస్తాలు తీసుకుపోయారు. ఒకరికొకరు సాయం పట్టి బండ్లకెత్తారు. రెండు బస్తాలు అప్పటికే ఆడించేశాం. ఆ పిండి కూడా వద్దని వదిలేసి వెళ్ళారు. జాడక్‌కి లోయ అవతలి మరలో పని చూశారట. వెళ్ళమన్నాను. అతనికి మోకాళ్ళతో పాటు కడుపు కూడా ఉంది.

నా బడి నాకు తిరిగి ఇస్తామన్నారు. తమ్ముడే మోసం చేశాడు పాపం అని వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుంటున్నారు. బడి తీసేసినప్పుడు ఏడవలేదు, ఇచ్చినప్పుడు ఏడ్చాను.

క్షమించావా అని అడిగావు. బడి సంగతీ ఊరి సంగతీ అయితే, ఎప్పుడో క్షమించాను. లెవై సంగతి ఇంకా లేదు. అతని చావుకు అర్థం నువ్వు చెప్పావు, నన్ను అడగకుండా. నువ్వు చెప్పిందే నిజమేమో కూడా. రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నాను. అయినా ఇంకా లేదు. లేనిది ఉందని రాయను.

రమ్మని రాయడానికి భయంగా ఉంది. నిన్ను ఎవరూ కొట్టరు, తిట్టరు. దారిలో ఎదురైతే పక్కకు చూస్తారు, అంతే, ఏళ్ళ తరబడి. మన ఊరు ఎలాంటిదో నీకు తెలుసు. వద్దని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

నా వాటా మొక్కజొన్న ఒక బస్తా ఉంది. ఒక్క బస్తా కోసం మరకు నీళ్ళు వదలరని నాకు తెలుసు. దాన్ని లోయ అవతలికి పంపమని మూడిళ్ళవాళ్ళు అడిగారు, బండి మీద చోటుందన్నారు. పంపలేదు. అది నీ మరలోనే ఆడాలి. నువ్వు వచ్చేదాకా చేత్తో దంచుకుని తింటాను.

అక్క
మెహిటబెల్